గాలం సామాను శుద్ధి

ప్రశ్న: సాల్మన్ చేపల కోసం ఐస్‌లాండ్ వెళ్తున్నాను. వాడిన రాడ్, రీల్, నీళ్లలో దిగేటప్పుడు తొడుక్కునే వేడర్లు సబ్బుతో కడిగితే చాలా?

జవాబు: చాలదండీ. క్రిమిరహితం చేసినట్టు పశువైద్యుడి ధ్రువపత్రం కావాలి. లేదంటే విమానాశ్రయంలో దిగాక రుసుము కట్టి శుద్ధి చేయించాలి. సంతకం పెట్టే వైద్యుడినే ముందుగా అడిగి, ఆయన ఒప్పుకున్న క్రిమిసంహారక మందే వాడండి.

మొదట బురద, నాచు బ్రష్‌తో వదిలించాలి. మురికి మిగిలితే మందు బలం దానికే ఖర్చైపోతుంది. విర్కాన్ ఎస్ అనే క్రిమిసంహారక పొడి అయితే లీటరు నీటికి 10 గ్రాములు కలిపి, చేతులకు తొడుగులు వేసుకుని, 15 నిమిషాలు పూర్తిగా ముంచండి. రీల్ నుంచి దారం చుట్టి ఉండే స్పూల్ విప్పాలి. తర్వాత మంచినీటితో కడగకపోతే లోహం తుప్పు పడుతుంది.

అసలు చిక్కు ఫెల్ట్ (ఒత్తిన మందపాటి గుడ్డ) అడుగు బూట్లతోనే: తడి లోలోపల దాగుతుంది, మందు అంతదూరం చేరదు. రబ్బరు అడుగువి తీసుకెళ్లండి. అన్నీ పూర్తిగా ఆరాకే సర్దండి. సాల్మన్‌ను చంపే గైరోడాక్టిలస్ పరాన్నజీవి తడి లేకుండా బతకదు.