స్పీకర్లు పోలేదు, జాక్ పొరబడింది

ప్రశ్న: ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను కాబట్టి రోజంతా లాప్‌టాప్‌కు హెడ్‌ఫోన్ తగిలించే ఉంటుంది. కొన్నాళ్లుగా దాన్ని తీసేసినా స్పీకర్లు పలకడం లేదు. పెడితే మాత్రం చక్కగా వినిపిస్తోంది. స్పీకర్లు కాలిపోయాయని రిపేరు షాపులో అన్నారు. విండోస్ మళ్లీ వేయించినా ఫలితం లేదు. స్పీకర్లు మార్చక తప్పదా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: స్పీకర్ల జోలికి అప్పుడే వెళ్లకండి. హెడ్‌ఫోన్‌లో బాగా వినిపిస్తోందని మీరే రాశారు, అంటే సౌండ్ చిప్‌కు ఏ రోగమూ లేదు. రెండు స్పీకర్లూ గరగరమని కూడా అనకుండా ఒకేసారి కాలిపోయాయంటే నేను నమ్మను. ఇక విండోస్ మళ్లీ వేయడం అంటారా, అది మెకానిక్కుల సర్వరోగ నివారిణి!

నా అనుమానమంతా జాక్ మీదే. ఆ 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో సన్నటి లోహపు రేకు ఒకటి ఉంటుంది. పిన్ను దూరగానే అది పక్కకు జరిగి, హెడ్‌ఫోన్ వచ్చిందని చిప్‌కు కబురు పంపుతుంది, చిప్ స్పీకర్లను ఆపేస్తుంది. తీగ లాగుళ్లకు రేకు వంగి వెనక్కి రాకపోయినా, సందులో నూలుపోగో దుమ్మో ఇరుక్కున్నా, మీరు పిన్ను తీసిన సంగతి చిప్‌కు తెలియదు.

హెడ్‌ఫోన్ తీసేసి, తెరమీది సౌండ్ గుర్తు నొక్కి చూడండి. ఇంకా ‘హెడ్‌ఫోన్స్’ అనే చూపిస్తుంటే దొంగ దొరికినట్టే. కొన్ని లాప్‌టాప్‌లలో రెండింటికీ ఒకే పేరు ఉంటుంది, అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. బయటి మానిటర్ పేరు కనిపిస్తే మాత్రం శబ్దం అటు పోతోందన్నమాట, స్పీకర్లను ఎంచుకుంటే సరిపోతుంది.

తరువాత లాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, టార్చి వేసి జాక్‌లోకి చూడండి. విరిగిన పిన్ను కొస లోపలే ఉండిపోవడమూ కద్దు. ఏమీ కనిపించకపోతే హెడ్‌ఫోన్ పిన్నును మెల్లగా తిప్పుతూ కొన్నిసార్లు పెట్టి తీయండి. ఇరుక్కున్న రేకు చాలాసార్లు దీనికే లొంగుతుంది. దుమ్ము దులపడానికి డబ్బాల్లో అమ్మే గాలిని కొద్దికొద్దిగా కొట్టవచ్చు. నోటితో ఊదితే తేమ చేరుతుంది. సూది, పిన్నీసు మాత్రం వద్దే వద్దు, ఉన్న రేకు కాస్తా విరుగుతుంది.

అప్పటికీ దారికి రాకపోతే, కొన్ని లాప్‌టాప్‌ల ఆడియో ప్రోగ్రాంలో జాక్ గుర్తింపును ఆపేసే వీలుంది. విండోస్ బదులు లినక్స్ వాడేవారైతే, ఆల్సామిక్సర్ అనే సౌండ్ సర్దుబాటు ప్రోగ్రాంలో ‘ఆటో మ్యూట్’ తీసేయాలి. దీంతో స్పీకర్లు పలకవచ్చు కానీ, హెడ్‌ఫోన్ పెట్టినా అవి ఆగవు. పాఠాల వేళకు యూఎస్‌బీ హెడ్‌సెట్ వాడుకోండి, జాక్‌కూ విశ్రాంతి.

చివరికి మెకానిక్ దగ్గరికే వెళ్లాల్సి వస్తే, జాక్ చిన్న విడి బోర్డు మీద ఉందా, మదర్‌బోర్డుకే అతికి ఉందా అని ముందు అడగండి. విడి బోర్డయితే మార్చడం సులువు. మదర్‌బోర్డు మీదైతే టంకం పనిలో చెయ్యి తిరిగినవారికే ఇవ్వండి.