స్క్రూడ్రైవర్ గుంట

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఇంజిన్ ఆగిపోవడం, కేకలు, పైలట్ సాహసం... పరుగు బాగానే ఉంది. నాకు మాత్రం మూడో పేజీలో నువ్వు రెండు లైన్లలో దాటేసిన మెకానిక్ నచ్చాడు. తెల్లవారుజామున టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతూ ఒక్క చోట ఆగాడే, అతను. ఏం చూసి ఆగాడో నువ్వు రాయలేదు.

రాతల్లోకి రాకముందు నేను కొన్నేళ్లు హ్యాంగర్లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో పనిచేశాను. టూల్ బాక్సులో ఫోమ్ పరిచి, ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట కోసి ఉంటుంది. ఏది తగ్గినా ఆ ఖాళీ కంట్లో పడాలని. ఒకసారి నైట్ షిఫ్టు చివర స్క్రూడ్రైవర్ గుంట ఖాళీగా కనిపించింది. విమానం ఐదున్నరకి వెళ్లాలి. అది దొరక్కుండా విమానం ఎగరొచ్చని సంతకం పెట్టే ప్రసక్తే లేదు. బిగించిన ప్యానెళ్లన్నీ మళ్లీ విప్పాం. చలిలో కూడా చేతులకి చెమట్లు. చివరికి రెక్క ప్యానెల్ లోపల, విమానాన్ని తిప్పే కంట్రోల్ కేబుల్ పక్కన దొరికింది. అక్కడ పెట్టింది మా అందరిలోకీ అతి జాగ్రత్తపరుడైన పెద్దాయన. "టీ వచ్చిందంటే దిగానురా" అన్నాడు, అంతే. విమానం గంటన్నర లేటయింది. ప్రయాణికులు మమ్మల్ని తిట్టుకుంటూ ఎక్కారు.

చూశావా, ఇందులో విలన్ లేడు. నీ కథలో తాగుబోతు సూపర్‌వైజర్ని తీసెయ్.

1996 అక్టోబర్ 2న పెరూ రాజధాని లిమా నుంచి లేచిన ఏరోపెరూ 603 విమానం సంగతి తెలుసు కదా. కడిగేటప్పుడు నీళ్లు పోకుండా స్టాటిక్ పోర్టుల మీద (బయటి గాలి ఒత్తిడిని పట్టే చిన్న రంధ్రాలు) అంటించిన టేపు తీయడం మరిచారు. దాంతో మీటర్లు పైలట్లకి ఎత్తూ వేగమూ తప్పుగా చూపించాయి. 70 మందీ పోయారు. "టేపు మరిచారు" అంటే అది పేపర్లో వార్త. వెండి రంగు టేపు, మెరిసే లోహం మీద, రాత్రిపూట అని రాస్తే, చూసినవాడి కన్ను ఎందుకు జారిపోయిందో చదివేవాడికీ అర్థమవుతుంది.

ఈసారి ఇంజిన్ మంటలు వద్దు. నీ మెకానిక్ టార్చి వెలుగు ఎక్కడ పడిందో అక్కడ మొదలుపెట్టి, అతను విమానం ఆపించేదాకా రాసి పంపు. పైలట్ పేరు కూడా అక్కర్లేదు.

మీ అన్నయ్య