‘రద్దు’కు ఇన్ని ఇంగ్లిష్ మాటలా? క్లాట్‌కు ఎలా చదవాలి?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ సీఈసీ చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలని ఉంది. ప్రాక్టీస్ పేపర్లలో అనల్ (annul), రిపీల్ (repeal), రివోక్ (revoke), క్వాష్ (quash) లాంటి మాటలు పదే పదే వస్తున్నాయి. డిక్షనరీ చూస్తే అన్నిటికీ ‘రద్దు చేయు’ అనే ఉంది. టెన్షన్‌గా ఉంది. లా నాకు సరిపడదేమో అనిపిస్తోంది.
- ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: ఈ కారణంతో లా వదులుకోకండి. ఈ మాటల దగ్గర ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లూ తడబడతారు. క్లాట్‌లో సుమారు 450 పదాల పాసేజీలు ఇచ్చి, వాటిలోంచే ప్రశ్నలు అడుగుతారు. కాబట్టి అర్థాలు బట్టీ పట్టడం కన్నా, ఇలాంటి మాట కనబడగానే రెండు సంగతులు వెతకండి: రద్దు చేసింది ఎవరు? ఎప్పటి నుంచి చెల్లదు?

అనల్ విషయంలో రెండోదే కీలకం. హిందూ వివాహ చట్టం, 1955 తీసుకోండి. సెక్షన్ 13 కింద విడాకులు మంజూరైతే పెళ్లి ఆ డిక్రీ (కోర్టు తీర్పు)తో ముగుస్తుంది. అప్పటిదాకా వాళ్లు భార్యాభర్తలే. అదే బలవంతంగానో మోసంతోనో ఒప్పించి చేసిన పెళ్లిని సెక్షన్ 12 కింద కోర్టు అనల్ చేస్తే, చట్టం దృష్టిలో ఆ పెళ్లి అసలు జరగనట్టే. మరి ఈలోగా పుట్టిన పిల్లల సంగతేమిటి? ఈ సందేహం మీకు ముందే వచ్చి ఉంటే లా మీకు తప్పకుండా సరిపడుతుంది. ఆ పిల్లలు చట్టబద్ధ సంతానమేనని సెక్షన్ 16 చెబుతోంది.

బెంగాల్ విభజనను 1911 ఢిల్లీ దర్బారులో రద్దు చేశారని చెప్పేటప్పుడు చరిత్ర పుస్తకాలూ అనల్ అనే వాడతాయి. అక్కడ మాత్రం 1905 నాటి నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారనే అర్థం.

రిపీల్ అంటే చట్టసభ ఒక చట్టాన్ని తీసేయడం. మూడు సాగు చట్టాలను పార్లమెంటు, మూడు రాజధానుల చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2021 నవంబరులోనే రిపీల్ చేశాయి. లైసెన్సు, పాస్‌పోర్టు లాంటివి ఇచ్చిన అధికారులే వెనక్కి తీసుకుంటే రివోక్. 1977 మార్చిలో ఎమర్జెన్సీని ఎత్తేసినప్పుడు వాడిన మాటా ఇదే. క్వాష్ కోర్టుల మాట. ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని హైకోర్టుకు వెళితే మన పేపర్లు కూడా ‘క్వాష్ పిటిషన్’ అనే రాస్తాయి.

నోట్‌బుక్‌లో మాట ఎదురుగా అర్థం కాకుండా ఇలాంటి వార్తావాక్యం ఒకటి రాసుకోండి. ఒకే వార్తను ముందు తెలుగు పేపర్లో, తర్వాత ఇంగ్లిష్ పేపర్లో చదవండి. తొందరలో అనల్‌ను యాన్యువల్ (annual) అని చదివేసేవాళ్లు చాలామంది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత ఉన్న పరీక్షలో ఆ పొరపాటు ఖరీదైనది.

క్లాట్‌తో పాటు రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌కూ దరఖాస్తు చేయండి. అయిదేళ్ల కోర్సుకు ఇంటర్ చాలు, ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది.