గుమ్మడి గింజల నూనె తాగితే జింక్ అందుతుందా?

రోజూ ఒక చెంచా గుమ్మడి గింజల నూనె తాగితే జింక్, మెగ్నీషియం అందుతాయా, ప్రోస్టేట్‌కి, అంటే మగవాళ్ళలో మూత్రాశయం కింద ఉండే గ్రంథికి, పనిచేస్తుందా అని అడిగారు. జింకూ మెగ్నీషియమూ అందవండీ. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా నాన్నగారి విషయంలో దాదాపు ఏడాది ఈ నమ్మకంతోనే పోగొట్టుకున్నాం.

ఆయనకి అరవై దాటాక రాత్రుళ్ళు మూత్రానికి నాలుగైదు సార్లు లేవాల్సి వచ్చేది. ప్రోస్టేట్‌కి జింక్ మంచిదని ఎక్కడో చదివి నూనె సీసా తెచ్చాను, సీసా మీద పోషకాల పట్టికలో జింక్ ఇంత, మెగ్నీషియం ఇంత అని ఉంది కూడా. మొదటిరోజు తెల్ల పళ్ళెంలో కొంచెం పోసి చూస్తే అంచుల్లో పలచగా ఉన్నచోట ఆకుపచ్చగా, మధ్యలో చిక్కగా ఉన్నచోట ఎర్రగా కనబడింది. అది చూసి ఆయనకి గురి కుదిరింది, రోజూ పొద్దున్నే ఒక చెంచా. రెండో సీసా సగమయ్యేసరికి నూనె ముక్క వాసన, గొంతులో పట్టేసే చేదు. మందన్నాక చేదుగానే ఉంటుందిలే అని నాన్న మాట్లాడకుండా మింగేస్తున్నారు, ఒకరోజు నేను నాలుక మీద వేసుకునేదాకా నాకు తెలియనే లేదు. ఈ నూనెలో సుమారు సగం లినోలెయిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లమే, వెలుతురూ వేడీ తగిలితే తొందరగా పాడైపోతుంది. మేమేమో ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టాం. అసలు ఇలాంటి నూనెని తెల్ల గాజు సీసాల్లో పోసి అమ్మేవాళ్ళని అనాలి.

చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే స్కాన్‌లో ప్రోస్టేట్ పెరిగి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావట్లేదని తేలింది. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారాలకి లేవడం ఒకటి రెండు సార్లకి తగ్గింది.

తర్వాత అర్థమైంది, సీసా మీద పట్టిక గింజలది, నూనెది కాదు. 100 గ్రాముల గింజల్లో జింక్ 7 మిల్లీగ్రాములకి పైనే, మెగ్నీషియం 500 పైనే ఉంటుంది. కానీ ఖనిజాలు నూనెలో కరగవు, గానుగ ఆడాక మిగిలే చెక్కలోనే ఉండిపోతాయి. నూనెలోకి దిగేవి వేరు: గామా టోకోఫెరాల్ అనే విటమిన్ ఈ రకం, మొక్కల్లో ఉండే కొలెస్ట్రాల్ లాంటి ఫైటోస్టెరాల్స్, స్క్వాలీన్ అనే నూనె పదార్థం, కాస్త ల్యూటిన్ అనే పసుపు రంగు పదార్థం. ఇవీ మంచివే, నేను నూనెని తీసిపారేయట్లేదు. ఆస్ట్రియాలోని స్టైరియాలో పెంకు లేని గింజల్ని వేయించి తీసే నూనెకి 1996 నుంచి యూరప్‌లో ప్రాంతీయ గుర్తింపు ఉంది, లీటరుకి రెండున్నర కిలోల గింజలైనా పడతాయి. ఆ రుచి కోసం తినండి, వంటంతా అయ్యాక పైన చల్లుకోండి, పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు. పెద్ద చెంచాకి 120 క్యాలరీలు, ఒమేగా 3 దాదాపు సున్నా.

జుట్టు కోసం తాగేవాళ్ళు కొరియాలో 2014లో వచ్చిన అధ్యయనం చూపిస్తారు. 76 మంది మగవాళ్ళు, 24 వారాలు, ఫలితం బాగానే వచ్చింది, కానీ ఆ క్యాప్సూల్‌లో ఈ నూనెతో పాటు వేరే పదార్థాలూ ఉన్నాయన్న సంగతి ఎవరూ చెప్పరు.

నాన్న ఇప్పుడు మాత్ర వేసుకుంటారు, సాయంత్రం గుప్పెడు గింజలు నములుతారు. నూనె కూడా ఉంది, నల్ల సీసాలో, ఫ్రిజ్‌లో, మూత మీద తెరిచిన తేదీ రాసి.