రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కాపురం చేయొచ్చా?

చేయొచ్చు, గాయం మాని సర్జన్ సరేనన్నాక భార్యాభర్తలు కలవడంలో ప్రమాదం లేదు, దానివల్ల జబ్బు తిరగబెట్టదు.

ఇబ్బంది వేరే చోట ఉంటుంది. రొమ్ము తీసేటప్పుడు ఛాతీ మీది సన్నటి నరాలు తెగుతాయి, అందుకే అక్కడ మొద్దుబారినట్టు ఉంటుంది, ఒకప్పుడు హాయిగా ఉన్న స్పర్శే ఇప్పుడు చిరాకు పుట్టించొచ్చు. చాలామందికి అంతకన్నా పెద్ద కారణం మందులు. కీమో (క్యాన్సర్ కణాల్ని చంపే మందులు) వల్ల నెలసరి ముందే ఆగిపోవచ్చు, జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ లాంటి మాత్రలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌ని బాగా తగ్గించేస్తాయి, దాంతో యోని పొడిబారి, కలిసినప్పుడు మంట. మంట పుడుతుందని తెలిశాక కోరిక ఎక్కడినుంచి వస్తుంది?

ఉదాహరణకి కావలిలో నెలసరి ఆగిన ఒకామె ఆపరేషన్ తర్వాత లెట్రోజోల్ వాడుతోందనుకోండి. ఆమె దూరం జరిగితే ఆయన "నా మీద ఇష్టం పోయింది" అనుకుంటాడు, ఆమేమో "నా ఒళ్లు చూసి ఈయనకే మొహం మొత్తింది" అనుకుంటుంది, అసలు సంగతేమో పొడిదనం! మందులషాపులో దొరికే నీటి ఆధారిత జెల్‌తో ఇది చాలావరకు తగ్గుతుంది (కండోమ్ వాడేవాళ్లు కొబ్బరినూనె జోలికి పోవద్దు, చిరుగుతుంది). ఆపరేషన్ అయిన వైపు చెయ్యి మీద బరువు పడకుండా చూసుకోవాలి. ఈస్ట్రోజన్ క్రీము మాత్రం క్యాన్సర్ డాక్టర్‌ని అడక్కుండా రాయకూడదు.

ఎక్కువమంది పొరబడేది, క్యాన్సర్ భర్తకి అంటుకుంటుందని. అంటుకోదు. కీమో రోజుల్లో కండోమ్ వాడమనేది గర్భం రాకూడదని, మందు తాలూకు అంశ ఒంటి ద్రవాల్లో కొద్దిరోజులు ఉండొచ్చని. నెలసరి ఆగినట్టున్నా గర్భం రావొచ్చు, అయితే గర్భం రాకుండా వేసుకునే హార్మోన్ మాత్రలు పనికిరావు, కాపర్-టీ గానీ కండోమ్ గానీ వాడాలి.