హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఎందాకా వచ్చాయి? అద్దెకు సాయం ఉందా?

ఇళ్లయితే కట్టారు, చిక్కంతా దూరంతోనే. జీహెచ్ఎంసీ పరిధి పేదల కోసం లక్ష ఇళ్లని లక్ష్యం పెట్టుకున్నారు. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి, అక్కడివాళ్లకే అక్కడే కట్టిచ్చారు. నా లెక్కలో అసలు మంచి పద్ధతి అదే. తర్వాత ఊళ్లో జాగా దొరక్క శివార్లకు పోయారు. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు కాలనీలోనే 15,660 ఫ్లాట్లు. ఒక్కోటి 560 చదరపు అడుగులు: రెండు పడక గదులు, హాలు, వంటగది. లబ్ధిదారుడు పైసా కట్టక్కర్లేదు.

కానీ అమీర్‌పేటలో నాలుగిళ్లలో పాచిపని చేసే ఆవిడకు కొల్లూరులో ఫ్లాట్ వస్తే? పొద్దున్నే గిన్నెలు తోమడానికి చేరాలంటే చీకటితోనే బస్టాపులో నిలబడాలి. అందుకే కొందరు తాళం వేసి మునుపుండే బస్తీలోని గదిలోనే అద్దెకుంటున్నారు, కొందరు నిబంధనలకు విరుద్ధంగా అద్దెకిచ్చేస్తున్నారు.

ఇందిరమ్మ ఇళ్ల 5 లక్షలు సొంత జాగా ఉన్నవాళ్లకి. నగరంలో కిరాయిదారుకి జాగా ఎక్కడిది? నెలనెలా కిరాయిలో కొంత సర్కారు భరించే పథకమైతే లేదు. కేంద్రం 2020లో తెచ్చిన అద్దె గృహ సముదాయాల పథకం కూడా ఇళ్లు అద్దెకివ్వడానికే, చేతికి డబ్బివ్వడానికి కాదు.