ఆగడం వేరు, ఆగిపోవడం వేరు

సందేహం: కారు ఏసీ పనితీరు మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. కంప్రెసర్, అంటే ఏసీలో గ్యాసును ఒత్తి పంపే పంపు, కాసేపు పనిచేసి, కాసేపు ఊరుకుని, మళ్ళీ మొదలవుతుంది కదా, దాన్ని ‘ఆగిపోతూ ఉంటుంది’ అని రాశాను. మిత్రుడొకరు ‘ఆగుతూ ఉంటుంది’ అని దిద్దారు. రెండూ ఒకటి కాదా? పోనీ ‘చక్రభ్రమణం’ అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు దిద్దిందే సరి. ఆ ఒక్క ‘పోవు’ చేరేసరికి బాగున్న కంప్రెసర్ కాస్తా చెడిపోయినట్టు అర్థమొస్తుంది. బస్సు ఆగింది అంటే ఎవరో దిగుతున్నారనుకుంటాం, ఆగిపోయింది అంటే ‘ఏమైంది?’ అని అడుగుతాం. అలాగని ‘పోవు’ ఎప్పుడూ చెడ్డ కబురే తెస్తుందనుకోకండి. వాన ఆగిపోయింది అంటే ఒక్కోసారి సంతోషమే, మురిసిపోయాడు అన్నదాంట్లో చెడేముంది? పని పూర్తిగా, ఎవరూ ఆపకుండా, దానంతటదే జరిగిందని చెప్పడం ఈ ‘పోవు’ స్వభావం. యంత్రం అలా ఆగిందంటే రిపేరు వచ్చినట్టే.

మరి కారులో జరిగేదేమిటి? బానెట్ ఎత్తి కంప్రెసర్ ముందుభాగం చూడండి. బెల్టుతో తిరిగే పుల్లీ, దాని ముందు క్లచ్ ప్లేటు, వెనక కాయిల్ ఉంటాయి. ఏసీ వేయగానే కాయిల్‌కు కరెంటు అంది అయస్కాంతమవుతుంది, ప్లేటును లాగుతుంది, ‘టక్’మని వినపడుతుంది, ప్లేటు పుల్లీకి అతుక్కుని లోపలి షాఫ్టును తిప్పుతుంది. డ్యాష్‌బోర్డు వెనకుండి గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ చల్లబడుతూ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే దానిమీది తేమ మంచుగా గడ్డకట్టి గాలికి దారి మూసేస్తుంది, అందుకే సెన్సరో ప్రెషర్ స్విచ్చో ముందే కరెంటు తీసేస్తుంది, క్లచ్ వదులుతుంది. కాస్త వేడెక్కగానే మళ్ళీ టక్. ఇది పద్ధతి ప్రకారం ఆగడం, అందుకే ‘ఆగుతుంది’.

‘చక్రభ్రమణం’ మాత్రం వద్దే వద్దు. ఇలా ఆగుతూ నడవడాన్ని ఇంగ్లీషులో ‘సైక్లింగ్’ అంటారు, అందులోని సైకిల్ అన్న మాట వినగానే చక్రం గుర్తొచ్చి కట్టిన పదమది. పైగా ఇక్కడ నిజంగానే తిరిగే చక్రం ఒకటుంది, ఆ పుల్లీ. కంప్రెసర్ ఆగినా అది ఆగదు, ఇంజన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ‘చక్రభ్రమణం’ అని చదివినవాళ్ళకు మీరు చెప్పదలచుకున్న ఆగడం తప్ప మిగతాదంతా కనిపిస్తుంది!

నన్నడిగితే ‘ఆగుతూ నడుస్తూ ఉంటుంది’ అనండి. ‘పాడుతూ నడిచాడు’ అన్నప్పుడు ‘-తూ’ రెండు పనులు ఒకేసారి జరిగాయని చెబుతుంది, వ్యాకరణంలో దీన్నే శత్రర్థకం అంటారు. కానీ ఒకదానికొకటి ఎదురుగా ఉండే పనులు జతకడితే అదే ‘-తూ’ ఒకదాని తర్వాత ఒకటి అన్న అర్థమిస్తుంది. వస్తూ పోతూ, పడుతూ లేస్తూ అంటాం కదా, అలాగే ఇదీ. ఈ సౌకర్యం మన భాషలో ఉండగా కొత్తమాట కోసం వెతకడమెందుకు?

గ్యాస్ తక్కువైతే సంగతి వేరు. ప్రెషర్ చప్పున పడిపోయి స్విచ్ కొన్ని సెకన్లకే కట్ చేస్తుంది, వెంటనే మళ్ళీ కలుపుతుంది. దానికి ‘మాటిమాటికీ ఆగుతోంది’ అని రాయండి, మెకానిక్‌లు అనే ‘కటాఫ్ అవుతోంది’ రాసినా నాకు అభ్యంతరం లేదు. ‘ఆగిపోయింది’ని మాత్రం కాయిల్ కాలిపోయినప్పటికో, గ్యాసంతా లీకైనప్పటికో అట్టిపెట్టుకోండి.

ఇంకొక్కటి, ఇది భాష సంగతి కాదు. పంపింగ్‌ను అవసరాన్నిబట్టి తగ్గించుకునే కంప్రెసర్లు కొన్ని కార్లలో ఉంటాయి, అవి ఇలా తరచుగా ఆగవు. కాబట్టి మీ వాక్యాన్ని ‘చాలా కార్లలో కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది’ అని మార్చండి.